రౌస్ ఎదురుచూడలేదు

ఈ వారం మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం తిరిగింది. పేటన్ రౌస్ అనే శాస్త్రవేత్త 1911లో క్యాన్సర్ తెప్పించే వైరస్‌ను కనిపెట్టి, 1966లో నోబెల్ వచ్చేదాకా 55 ఏళ్లు ఓపిగ్గా ఎదురుచూశాడట. పిల్లలూ, ఓపిక నేర్చుకోండి అని కింద పెద్ద అక్షరాలు. పట్టిన పనిని వదలకూడదని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు కాబట్టి, ఇది నాకు నచ్చాల్సిన సందేశమే. కానీ ఒళ్లు మండింది. రౌస్ ఎదురుచూడలేదు. ఆ పని వదిలేశాడు.

న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌కు 1909లో ఒక చారల కోడిపెట్ట వచ్చింది, రొమ్ము మీద గడ్డతో. రౌస్ ఆ గడ్డను ఇసుకతో నూరి, ఉప్పునీళ్లలో కలిపి, బ్యాక్టీరియా కూడా దూరలేని ఫిల్టర్‌లో వడగట్టాడు. కణమన్నది లేని ఆ నీళ్లు ఎక్కిస్తే మరో కోడికీ గడ్డ లేచింది. పెద్దలు ఒప్పుకోలేదు. అంటుకునేదైతే అది క్యాన్సరే కాదన్నారు, క్యాన్సరే అయితే ఏదో కణం ఫిల్టర్ దాటి ఉంటుందన్నారు. ఎలుకల్లో ప్రయత్నిస్తే ఫలితం రాలేదు. 1915 నాటికి రౌస్ ఆ పనిని పక్కన పెట్టేశాడు.

నాకు అసలు కథ అక్కడే మొదలవుతుంది. అది మొదటి ప్రపంచ యుద్ధ కాలం. అప్పట్లో రక్తం ఎక్కించాలంటే దాత పక్కనే ఉండాలి. గడ్డకట్టకుండా సిట్రేట్ కలపడం అప్పటికే తెలుసు గానీ, నిలవ ఉంచితే ఎర్ర కణాలు పగిలిపోయేవి. రౌస్, జె.ఆర్. టర్నర్ కలిసి ఆ కణాలను ఏది కాపాడుతుందా అని వెతికారు. చక్కెర కాపాడింది. సిట్రేటూ గ్లూకోజూ కలిపి చల్లగా ఉంచితే రక్తం వారాల తరబడి నిలిచింది. 1916లో ఆ సంగతి ప్రచురించారు. రౌస్ దగ్గర పనిచేసిన ఆస్వాల్డ్ రాబర్ట్‌సన్ మరుసటి ఏడాది యుద్ధరంగానికి వెళ్లి, ఆ పద్ధతిలోనే రక్తం నిలవచేసి గాయపడ్డ సైనికులకు ఎక్కించాడు. బ్లడ్ బ్యాంకులకు అదే నాంది. ఈసారి మీరు రక్తం ఇచ్చేటప్పుడు మంచం పక్కన ఊగే ట్రే మీది సంచిని చూడండి. మీ రక్తం చేరకముందే అందులో కొంచెం తేటనీరు ఉంటుంది. అందులో ఈనాటికీ సిట్రేటూ గ్లూకోజూ ఉన్నాయి.

తర్వాత రౌస్ కాలేయం, పిత్తం దారి పట్టాడు. పిత్తాశయం ఉత్త సంచి కాదనీ, నీటిని పీల్చి పిత్తాన్ని చిక్కబరుస్తుందనీ సహచరుడు మెక్‌మాస్టర్‌తో కలిసి 1921లో చూపించాడు. ఫిజియాలజీలో అది గట్టి పని. వైరస్ దగ్గరే కూర్చుని ఉంటే ఇవేవీ ఉండేవి కావు.

1933లో రిచర్డ్ షోప్ అడవి కుందేళ్ల పులిపిర్లలో వైరస్‌ను కనిపెట్టి, మీరు చూడండని రౌస్‌కు అప్పగించాడు. యాభై దాటిన వయసులో రౌస్ మళ్లీ వైరస్ దగ్గరికి వచ్చి, ఆ పులిపిర్లు క్యాన్సర్‌గా మారే తీరును ఏళ్ల తరబడి శోధించాడు. ఈలోగా నోబెల్ ముందు అల్లుడికి వచ్చింది, 1963లో, నరాల మీద పనిచేసిన ఆలన్ హాడ్జ్‌కిన్‌కు.

రౌస్ పట్టు విడవని చోటు ఒకటుంది. మామూలు కణంలోని జన్యువులు మారడం వల్ల క్యాన్సర్ వస్తుందన్న వాదాన్ని ఆయన నోబెల్ ప్రసంగంలో కూడా కొట్టిపారేశాడు. 1970లో కన్నుమూశాడు. 1976లో బిషప్, వార్మస్ అనే శాస్త్రవేత్తల బృందం రౌస్ వైరస్‌నే తీసుకుని, గడ్డ తెప్పించే దాని జన్యువు కోడి మామూలు కణాల నుంచే వచ్చిందని తేల్చింది. వదిలేసిన పని ఆయనకు నష్టం చెయ్యలేదు. వదలని అభిప్రాయం చేసింది.

అందుకే మన విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ గైడ్‌లకు ఒక మనవి. ఎంతకీ ముందుకు సాగని అంశాన్ని మార్చుకుంటానని విద్యార్థి అడిగితే, నిలకడ లేనివాడని ముద్ర వెయ్యకండి. ఆ దరఖాస్తు మీద సంతకం పెట్టండి.