గాదంకిలో గాలి లెక్క

భూమధ్యరేఖకు దూరంగా ఉన్న దేశాల్లో పైగాలుల వేగాన్ని ఉష్ణోగ్రతల నుంచే చాలావరకు రాబట్టొచ్చు. ఉష్ణోగ్రత తేడాల వల్ల ఏర్పడే పీడనం తేడా గాలిని ఒకవైపు తోస్తుంటే, భూభ్రమణం వల్ల పుట్టే కొరియాలిస్ బలం దానికి ఎదురు నిలుస్తుంది. ఆ సమతూకంలోంచే గాలి వేగం లెక్కకొస్తుంది. ఉష్ణమండలంలో మాత్రం ఆ బలం సన్నగిల్లిపోతుంది. ఉపగ్రహం కొలిచిన ఉష్ణోగ్రతలో చిన్న తప్పు దొర్లినా గాలి లెక్క ఎక్కడికో పోతుంది. తిరుపతి దగ్గరి గాదంకిలో గాలిని నేరుగా కొలిచే ఎంఎస్‌టీ రాడార్ చేస్తున్న పని విలువ ఇక్కడే తెలుస్తుంది.

1990ల మొదట్లో పని మొదలుపెట్టిన ఈ రాడార్‌కు 1024 యాగీ యాంటెన్నాలున్నాయి. 130 మీటర్ల చదరంలో, వరసకు 32 చొప్పున. అవి 53 మెగాహెర్ట్జ్ తరంగాలను పైకి పంపుతాయి. గాలి సుడుల్లో తేమ, ఉష్ణోగ్రత కాస్త అటూఇటూ అయిన చోట్ల నుంచి అతి బలహీనమైన ప్రతిధ్వని తిరిగొస్తుంది. సుడులు గాలితో పాటే కదులుతాయి కాబట్టి ఆ ప్రతిధ్వని పౌనఃపున్యం మారుతుంది. ఎంత మారుతుంది? రాడార్ తరంగాల పుంజాన్ని నిట్టనిలువు నుంచి 10 డిగ్రీలు వంచితే, సెకనుకు 10 మీటర్ల గాలిలో ఆ దిశకు చిక్కేది 1.7 మీటర్లే. పౌనఃపున్యంలో తేడా 0.6 హెర్ట్జ్. సెకనుకు 5 కోట్ల 30 లక్షల కంపనాల్లో ఒక్కటి కూడా నిండదు! వరసగా వచ్చే ప్రతిధ్వనులను కలుపుతూ పోయి, రొదను అణచి, ఆ తేడాను పట్టుకుంటారు.

అన్నిటికన్నా నాకు నచ్చేది తూర్పుకూ, పడమరకూ వంచిన పుంజాల లెక్క. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే అడ్డంగా వీచే గాలి తేలుతుంది, రెండూ కూడితే నిలువు గాలి. ఆ నిలువు గాలినే నిట్టనిలువు పుంజం సూటిగానూ కొలుస్తుంది. రెండూ సరిపోతే లెక్కను నమ్మొచ్చు, సరిపోకపోతే వెనక్కి వెళ్లి చూసుకోవాలి. 16 కిలోమీటర్ల ఎత్తున ఆ రెండు పుంజాల మధ్య ఎడం ఐదున్నర కిలోమీటర్ల పైమాటే. అంతమేరా గాలి ఒకేలా ఉందని అనుకున్నాకే లెక్క మొదలవుతుంది. నెత్తిమీద ఉరుముల మేఘం ఉంటే ఆ ఊహ నిలవదు.

వానాకాలంలో అదే ఎత్తున తూర్పుగాలి జెట్ సెకనుకు 40 మీటర్లు దాటిపోతుంటుంది. కింద వీచేది పడమటి రుతుపవన గాలి. ఈ రెంటినీ, మధ్యలో గాలి దిశ తిరగబడే చోటునూ 150 మీటర్లకొక మెట్టుగా నిమిషాల్లో చూపిస్తుందీ రాడార్. గాలిని కొలిచే బెలూనైతే ఆ జెట్‌లోకి చేరేసరికి ఎగరేసిన ఊరు దాటి ఎటో కొట్టుకుపోయి ఉంటుంది.