గట్టిమేళానికి ముందు వినాల్సింది

పురోహితుడు చెయ్యెత్తి వేలు ఆడిస్తాడు. "గట్టిమేళం, గట్టిమేళం" అని పెద్దవాళ్లు కేకేస్తారు. డోలు దద్దరిల్లుతుంది, అక్షింతలు పడతాయి. మాంగల్యధారణ వేళ అపశకునపు మాటేదీ చెవిన పడకూడదని ఆ హోరు. పేరాల, బాపట్ల, తెనాలి, రేపల్లె, ఏ ఊరి పెళ్లిలోనైనా సన్నాయి అనగానే జనానికి గుర్తుండేది ఆ రెండు నిమిషాలే. నిజానికి ఆ రెండు నిమిషాల్లో సంగీతం బహు తక్కువ. అసలు సంగీతం అంతకు గంట ముందే, మగపెళ్లివారు టిఫిన్ల దగ్గర, ఫొటోగ్రాఫరు పెళ్లికూతురి దగ్గర తీరిక లేకుండా ఉన్నప్పుడు జరిగిపోతుంది. పందిరి మూల కూర్చున్న విద్వాంసుడు అప్పుడే ఓ రాగం ఎత్తుకుని తీరిగ్గా ఆలపిస్తాడు. వినేవాళ్లు ఉండరు.

వినడం మొదలుపెట్టాలంటే ఆ వాయిద్యాన్ని ఒకసారి దగ్గర నుంచి చూడాలి. నాదస్వరం సుమారు రెండున్నర అడుగుల కొయ్య గొట్టం. కింద గంటలా విచ్చుకున్న మూతి, పైన ఊదే పీక. దీన్ని విద్వాంసులు సీవాళి అంటారు. రెల్లు జాతి గడ్డితో చేసే ఈ పీక తడి పట్టుకుని మెత్తబడితే గానీ పలకదు. అందుకే కచేరీకి ముందు దాన్ని నోట్లో పెట్టుకుని నానబెడుతూ కనిపిస్తారు. వాయిద్యానికి దారంతో కట్టి వేలాడదీసిన గుత్తిలో మరికొన్ని పీకలూ, వాటిని సరిచేసే సన్నటి పుల్లా ఉంటాయి. చూసేవాళ్లు అలంకారం అనుకుంటారు గానీ అది పనిముట్ల సంచి.

వేళ్లతో మూసే రంధ్రాలు ఏడు. వాటికి దిగువన ఇంకో ఐదు ఉంటాయి, వాటిని వేళ్లు తాకవు. మైనంతో కొన్నింటిని మూసి, కొన్నింటిని వదిలి శ్రుతి సరిచూసుకుంటారు. ఈ ఏడు రంధ్రాల మీద రెండున్నర స్థాయిల దాకా పలికించాలి. మీటలు లేవు, మెట్లు లేవు. ఒకే రంధ్రం దగ్గర ఊపిరి కాస్త బిగిస్తే స్వరం పైకి జరుగుతుంది, వదులు చేస్తే కిందికి దిగుతుంది. అంటే గమకమంతా పెదవుల బిగింపులోనూ పొట్టలోంచి వచ్చే గాలిలోనూ ఉంది.

తోడి రాగాన్నే తీసుకోండి. తోడి గాంధారం నిలకడగా నిలబడే స్వరం కాదు, ఊగుతూనే ఉండాలి. వీణ మీద తీగను పక్కకు లాగి దాన్ని ఊపుతారు, వయొలిన్ మీద వేలు జారుస్తారు. నాదస్వరంలో రంధ్రాన్ని సగం తెరిచి, మిగతా సగం గాలితో నింపాలి. గాలి ఒక పిసరు ఎక్కువైతే గాంధారం కాస్తా మరో స్వరమైపోతుంది. తమిళనాట టి.ఎన్. రాజరత్నం పిళ్లై (1898–1956) ఆ తోడితోనే పేరు మోశారు. అంతకుముందు వాడుకలో ఉన్నది పొట్టిగా, పెచ్చు శ్రుతిలో కీచుగా పలికే తిమిరి. రెండు, రెండున్నర శ్రుతిలో గంభీరంగా పలికే పొడవాటి బారీ నాదస్వరాన్ని ప్రచారంలోకి తెచ్చింది ఆయనే. గుడి వీధుల్లో ఊరేగే వాద్యం సభల వేదికల మీద నిలవడానికి ఆ మార్పు బాగా అక్కరకొచ్చింది.

ఆ విద్య ఈ తీరానికీ పరాయిది కాదు. తెనాలిలో ఒంగోలు వైపు రైలెక్కితే బాపట్ల, చీరాల, వేటపాలెం దాటి, ఒంగోలు ఇంకాస్త దూరంలో ఉందనగా కరవది అనే చిన్న స్టేషను వస్తుంది. షేక్ చినమౌలానా 1924లో పుట్టింది ఆ ఊళ్లోనే. తరతరాలుగా దేవాలయాల్లో నాదస్వరం వాయించిన ముస్లిం కుటుంబం వాళ్లది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. తెల్లవారుజామున మేలుకొలుపు వాయించడానికి షేకులూ సాహెబులూ గుడికి రావడం ఇక్కడ ఎవరూ వింతగా చూడలేదు. ఈమధ్య దీన్ని మతసామరస్యానికి ఉదాహరణగా వేదికలెక్కి చెబుతున్నారు. ఊరివాళ్లకు మాత్రం అది వంశపారంపర్యంగా వచ్చిన కొలువు, అంతే.

చినమౌలానా మొదట తండ్రి దగ్గర, తర్వాత చిలకలూరిపేట షేక్ ఆదంసాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. అక్కడితో ఆగినా పెళ్లిళ్లకూ ఉత్సవాలకూ లోటుండేది కాదు. కానీ ఆయన్ను తంజావూరు బాణీ పట్టుకుంది. కుంభకోణం దగ్గరి నాచ్చియార్‌కోయిల్ వెళ్లి రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర మళ్లీ శిష్యుడిగా కూర్చున్నారు.

ఎందుకు అంత దూరం వెళ్లడం? ఇది పుస్తకంతో పట్టుబడే విద్య కాదు గనక. చీరాల-పేరాల పేరు చెప్పగానే గుర్తొచ్చే 1921 ఉద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, అంతకు నాలుగేళ్ల ముందు ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి అభినయదర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం దాన్ని అచ్చువేసింది. చేతి ముద్ర ఎలా పట్టాలో, చూపు ఎటు తిప్పాలో పుస్తకంలో రాయొచ్చు, సముద్రాలు దాటించొచ్చు. పెదవి ఎంత బిగించాలో ఏ గ్రంథమూ చెప్పలేదు. గురువు ఎదురుగా కూర్చుని చూసి, విని, ఊది పట్టుకోవాల్సిందే.

కృతి వాయించేటప్పుడు ఇంకో చిక్కు. నాదస్వరానికి మాట లేదు, త్యాగరాజ కృతికేమో మాటే ప్రాణం. విద్వాంసుడు సాహిత్యం కంఠస్థం చేసి, అక్షరం ఎక్కడ విరుగుతుందో అక్కడ పీకకు నాలుక తగిలించి గాలిని ఆపి వదులుతాడు. ఆ నాలుక పనిని తుత్తుకారం అంటారు. అది బాగా కుదిరితే, కృతి తెలిసిన శ్రోతకు మాటలు వినపడుతున్నట్టే ఉంటుంది. తెలుగువాళ్లకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది, కృతి భాష మనదే. రేపల్లె నుంచి పెనుమూడి వారధి మీదుగా కృష్ణ దాటితే దివిసీమ, అక్కడే పెదకళ్లేపల్లి. త్యాగరాజు శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన శిష్యుడు పెదకళ్లేపల్లిలో ఉన్న సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రి, ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, ఆ తర్వాత మంగళంపల్లి బాలమురళీకృష్ణ. త్యాగరాజ పరంపర ఏటికి ఆ ఒడ్డునే ఉంది.

గొంతుకూ గొట్టానికీ తేడా ఒకేచోట తెలుసుకోవాలంటే 1962 నాటి "మురిపించే మువ్వలు" చిత్రంలోని ఆభేరి పాట వినాలి. పాడింది రేపల్లె పక్కన పల్లపట్లలో పుట్టిన ఎస్. జానకి. నాదస్వరం రాజరత్నం పిళ్లై శిష్యుడు కారుకురిచ్చి అరుణాచలం. చివర్లో స్వరాలు ఒకరి తర్వాత ఒకరు అందుకుంటారు. జానకి గొంతు సన్నగా, సూటిగా స్వరాన్ని తాకి వెళ్తుంది. నాదస్వరం అదే స్వరాన్ని కాస్త కింద నుంచి పైకి ఊది చేరుకుంటుంది. ఆరోహణలో ఆభేరి రిషభ, ధైవతాలను వదిలేస్తుంది, దిగేటప్పుడు ఏడూ పలుకుతుంది. పైకి ఎగిరి కిందికి నడిచి వచ్చినట్టుండే ఆ తీరు ఇద్దరిలోనూ ఎలా ఉందో పోల్చుకుంటూ వింటే, శాస్త్రం చదవకుండానే రాగం పట్టుబడుతుంది.

పక్కవాళ్లనూ మరవకూడదు. శ్రుతిపెట్టె రాకముందు ఒత్తు ఊదే మనిషి ఉండేవాడు. ముక్కుతో గాలి పీలుస్తూ, బుగ్గల్లో ఉన్న గాలిని వదులుతూ ఒకే షడ్జాన్ని తెగకుండా గంటల తరబడి నిలబెట్టేవాడు. పేరు రాదు, శాలువా దక్కదు. డోలు సంగతి అలా కాదు, దాన్ని వద్దన్నా వింటారు. పనస కొయ్యతో చేసిన ఆ పీపాకు ఒక వైపు కర్ర పడుతుంది, రెండో వైపు గట్టి తొడుగులు వేసుకున్న వేళ్లు పడతాయి. ఆలాపన సాగుతున్నంతసేపూ మంచి డోలు విద్వాంసుడు దాదాపు ఊరకే ఉంటాడు. అతని గొప్పతనం కొంత అక్కడే తెలుస్తుంది. ఇక మైకుల విషయం: ఆరుబయట నాలుగు వీధులకు వినపడేలా పుట్టిన వాద్యాన్ని రేకుల కల్యాణమండపంలో పెట్టి, దాని నోటికి మైకు ఆనిస్తే, ఏ గాంధారమూ మిగలదు. పది అడుగులు దూరం జరిగి మైకు లేకుండా వింటే చాలు.

చినమౌలానా తర్వాత శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ వచ్చింది. 1982లో అక్కడే శారదా నాదస్వర సంగీత ఆశ్రమం నెలకొల్పారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది, మరుసటి ఏడాదే కన్నుమూశారు. ఆయన మనవలు కాసిం, బాబు జంటగా ఆ బాణీని కొనసాగిస్తున్నారు. కరవది బిడ్డకు కావేరి ఒడ్డున దొరికిన ఆదరణ కృష్ణ ఒడ్డున దొరికి ఉంటే ఆశ్రమం ఇక్కడే వెలిసేదేమో. తిరుపతిలో టీటీడీ నాదస్వరం, డోలు నేర్పిస్తోంది గానీ, గుంటూరు తీరంలో అలాంటి పెద్ద నెలవు లేని లోటు లోటే.

చినమౌలానా శిష్యులే షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు. ప్రకాశం జిల్లా నుంచి వెళ్లి శ్రీరంగంలో ఉంటున్న ఈ ఇద్దరికీ 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఎక్కువగా మగవాళ్లే ఊదుతూ వచ్చిన వాద్యాన్ని కాలీషాబీ భర్త పక్కన సమానంగా వాయిస్తారు. జంట నాదస్వరంలో ఒకరికి ఊపిరి అయిపోయేచోట రెండోవారు అందుకోవాలి, రాగం తెగినట్టు తెలియకూడదు. వాళ్ల కచేరీ రికార్డింగులు వింటే కళ్లు మూసుకుని ఆ అతుకు ఎక్కడ పడిందో కనిపెట్టే ప్రయత్నం చేయండి. మొదటిసారి దొరకదు.