కొర్నీలియా ఉత్తరం: సాక్ష్యం తూచే విద్య

పాత రాతల నిజానిజాలు తేల్చే పాఠపరిష్కర్తల పనితనం కొర్నీలియా ఉత్తరం దగ్గర బాగా కనిపిస్తుంది. ఆమె రోమన్ సేనాని స్కిపియో ఆఫ్రికానస్ కూతురు, రోమన్ రాజకీయ నాయకులైన గ్రాకస్ సోదరుల తల్లి. క్రీ.పూ. 133లో పెద్దకొడుకు టైబీరియస్ హత్యకు గురయ్యాక, ట్రిబ్యూన్ అనే ప్రజాప్రతినిధి పదవికి పోటీ చేయవద్దని చిన్నకొడుకు గయస్‌ను మందలిస్తూ ఆమె రాసిందనే ఉత్తరంలోని రెండు ముక్కలు రోమన్ జీవితచరిత్రకారుడు కొర్నీలియస్ నెపోస్ రాతప్రతుల్లో మిగిలాయి. ఆమె ఉత్తరాలు చదివానని రోమన్ వక్త సిసిరో క్రీ.పూ. 46లో రాశాడు. ఆ మాట ఉత్తరాలు ఉండేవని రుజువు చేస్తుంది గానీ, ఇవే అవని కాదు. ఈ తేడాను మరవకపోవడమే ఆ విద్యకు పునాది.

గ్రాకస్ సోదరుల శత్రువులే తల్లి పేరుతో ఈ ఉత్తరాన్ని పుట్టించారని ఒక వాదన; కన్నకొడుకు మీద అంత కరుకుతనమా అని అనుమానం. కానీ ఒక కొడుకును పోగొట్టుకున్న తల్లి రెండోవాణ్ణి ఆపబోవడంలో వింతేముంది? తర్వాత గయస్‌కు ఆమె మనుషులను పంపి సాయపడిందని కొందరు అన్నట్టు గ్రీకు రచయిత ప్లుటార్క్ రాశాడు. అది గయస్ చివరి రోజుల మాట, ఈ మందలింపును కొట్టివేయదు. పైగా ఇందులోది పాతకాలపు లాటిన్: చెప్పిందే చెబుతూ, కోపంతో సాగే వాక్యాలు. నేర్పరి దాన్ని అనుకరించలేడా? అనుకరించగలడు. అందుకే మంచి పరిష్కర్త భాషనొక్కదాన్నే నమ్ముకోడు. అసలుదే కావచ్చు, మధ్యలో పరాయి చెయ్యి పడి ఉండవచ్చు అంటాడు. అది పిరికి తీర్పు కాదు, సాక్ష్యం ఎంత మోయగలదో అంతే మోపిన తీర్పు.