నాలుగో పాట దాకా వినలేదు

పంక్ రాక్ మీద మన సంచికలో వ్యాసమేమిటని ముఖం చిట్లించకండి. ఇది ఒక ఆల్బమ్ గురించే అయినా, "అమ్ముడుపోయాడు" అనే మాట గురించి కూడా. దేశం విడిచి వచ్చిన మనలో ఆ మాట పడనివాళ్ళు తక్కువే.

1995లో నేను బర్కిలీలో చదువుకుంటున్నాను. నా రూమ్మేటు అమెరికన్ కుర్రాడు. గిల్మన్ వీధిలో 924వ నెంబరు హాలు వాడికి గుడితో సమానం. అక్కడ మందు ఉండదు, ఏ వయసువాళ్ళైనా రావచ్చు, పెద్ద రికార్డు కంపెనీలతో ఒప్పందం చేసుకున్న బృందాలకి మాత్రం చోటు లేదు. అక్కడే పెరిగిన గ్రీన్ డే పెద్ద కంపెనీకి వెళ్ళి, 1994లో తెచ్చిన 'డూకీ' అమెరికాలోనే కోటికి పైగా అమ్ముడయింది. గిల్మన్ తలుపు వాళ్ళకి మూసుకుపోయింది.

ఆ గాయం పచ్చిగా ఉండగానే, 1995లో శాన్‌ఫ్రాన్సిస్కో బృందం జాబ్రేకర్ 'డియర్ యు' అనే ఆల్బమ్ తెచ్చింది. కంపెనీ గెఫెన్ వారి డీజీసీ. నిర్మాత 'డూకీ' చేసిన రాబ్ కవాల్లోనే. మావాడు రెండు రోజులు విని, సీడీ నా మంచం మీదికి విసిరేసి, "అమ్ముడుపోయారు. కావాలంటే నువ్వుంచుకో" అన్నాడు. నేను మూడు పాటలు విని అట్టపెట్టెలో పడేశాను. నేను విన్నది పాటల్ని కాదు, వాడి తీర్పుని.

వాడి కోపానికి కారణం లేకపోలేదు. పెద్ద కంపెనీల జోలికి పోమని జాబ్రేకర్ వాళ్ళు పలుమార్లు అన్నారు, మాట తప్పారు. అంతకన్నా పెద్ద నేరం గొంతుది. 1994 నాటి 'ట్వంటీఫోర్ అవర్ రివెంజ్ థెరపీ'లో బ్లేక్ ష్వార్జెన్‌బాక్ గొంతు గరుకు కాగితంలా ఉంటుంది. గొంతులో కాయలు లేచి ఆపరేషన్ చేయించుకున్న మనిషి అతను. 'డియర్ యు'లో ఆ గరుకు లేదు. మెల్లగా, మైకుకి దగ్గరగా, స్పష్టంగా పాడాడు. గరుకుగా ఉంటే నిజం, నునుపుగా ఉంటే అబద్ధం అనుకునే అభిమానులకి అది చాలు. కచేరీల్లో కొత్త పాటలు మొదలవగానే కొందరు వేదికకి వీపు తిప్పి నిలబడ్డారు. 1996లో బృందం విడిపోయింది.

రెండేళ్ళ క్రితం గరాజ్ సర్దుతుంటే ఆ సీడీ మా అమ్మాయి చేతికి దొరికింది. "నాన్నా, ఇది నీదా!" అని ఆశ్చర్యపోయి, మా పాత కారులో పెట్టింది. ఈసారి ఎవరూ ఆపలేదు కనక నాలుగో పాట వచ్చింది. 'యాక్సిడెంట్ ప్రోన్', ఆరు నిమిషాలకి పైగా ఉంటుంది. గిటార్లు గోడలా లేచినా గొంతు కేక వెయ్యదు. కేక వేస్తే మనమూ ఆ కోపంలో దాక్కోవచ్చు. అలా దాక్కునే వీలు ఈ పాట ఇవ్వదు. పాత ఆల్బమ్‌లో దుఃఖానికి దుమ్ము అడ్డం ఉండేది, ఇక్కడ అద్దం తుడిచినట్టు కనిపిస్తుంది. కంపెనీ నునుపు చేసిందన్న గొంతులోనే ఆ బృందం అత్యంత చేదు పాటలున్నాయి.

లోపాలు లేవనను. ఇదివరకు తన దారిన తాను నడిచే క్రిస్ బవర్‌మైస్టర్ బాస్ గిటార్ ఇక్కడ గిటార్ల పొరల కింద మునిగిపోయింది. పదమూడు పాటల్లో నడిమివి కొన్ని ఒకే వేడిలో సాగుతాయి. రెండు నిమిషాల్లో ఒక పార్టీ రభసంతా నవ్వుతూ చెప్పే 'బాడ్ సీన్, ఎవ్రీవన్స్ ఫాల్ట్' వచ్చేదాకా ఊపిరాడదు.

'డియర్ యు' అంటే ఉత్తరం మొదట్లో రాసే సంబోధన. నాకూ అలాంటి ఉత్తరం ఒకటుంది. నేను అమెరికా బయల్దేరినప్పుడు, కలిసి చిన్న పత్రిక నడిపిన మిత్రుడు "డాలర్లకి అమ్ముడుపోయావు" అన్నాడు. ఇక్కడినుంచి మొదటి కథ పంపితే, "నీ భాషకి ఇస్త్రీ చేశారోయ్" అని ఒక్క ముక్క రాశాడు. ఆ తరవాత పదేళ్ళు నేను కథ రాయలేదు. వాడు నా కథ చివరిదాకా చదవలేదని నాకు బాధ. మరి నేను చేసిందేమిటి? మూడు పాటలు విని పెట్టె మూశాను.

కాలం కొంత న్యాయం చేసింది. అంగట్లో దొరకకుండా పోయిన ఆల్బమ్‌ని డ్రమ్మర్ ఆడమ్ ఫాలర్ 2004లో తన చిన్న కంపెనీ బ్లాక్‌బాల్ ద్వారా మళ్ళీ తెచ్చాడు. 2017లో షికాగో రయట్ ఫెస్ట్‌లో ముగ్గురూ కలిసి వాయించారు. ఒకప్పుడు వీపులు చూసిన ఈ పాటల కోసమే 2022లో ఊరూరా తిరిగారు. ఆ గొడవ తెలియని మా అమ్మాయి వయసువాళ్ళు దీన్ని ఉత్త పాటలుగానే వింటున్నారు. వాళ్ళే సరైన శ్రోతలేమో.

బర్కిలీ బృందం సామియామ్ 1994లో అట్లాంటిక్ ద్వారా తెచ్చిన 'క్లమ్జీ' కూడా ఇలాగే మరుగున పడింది. ఈసారి దాన్ని మొదటినుంచి చివరిదాకా విన్నాకే మాట్లాడతాను.