తార్కిక వివేచన ప్రశ్నల్లో అవ్యక్త పూర్వభావనలు: హేత్వాభాస దృష్టితో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
పోటీ పరీక్షల్లోని తార్కిక వివేచన ప్రశ్నకు సమాధానం ఒక్కటే ఉంటుందన్నది సాధారణ విశ్వాసం. ప్రశ్నలో చెప్పని పూర్వభావనలను అభ్యర్థి కూడా అంగీకరించినప్పుడే ఆ ఏకైకత నిలుస్తుంది. అటువంటి భావనలు మూడింటిని భారతీయ న్యాయశాస్త్రంలోని హేత్వాభాస, ఛల భావనల వెలుగులో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగు అనువాద ప్రశ్నల్లో తలెత్తే ప్రత్యేక సమస్యలను చర్చిస్తుంది.

కీలక పదాలు: తార్కిక వివేచన, పూర్వభావన, హేత్వాభాసాలు, ఆశ్రయాసిద్ధం, బంధువాచకాలు, అనువాదం.

1. ప్రవేశిక:
విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2019లో అమలులోకి తెచ్చిన నెట్ మొదటి పత్రం పాఠ్యప్రణాళికలో తార్కిక వివేచన ఒక ప్రత్యేక విభాగం. సంప్రదాయ విరోధ చతురస్రం, వెన్ చిత్రాలు, ప్రమాణాలు, అనుమానం, వ్యాప్తి, హేత్వాభాసాలు అందులోని అంశాలు. పాశ్చాత్య, భారతీయ తర్క సంప్రదాయాలు ఒకే విభాగంలో చోటు చేసుకోవడం మెచ్చదగినదే. అయితే హేత్వాభాసాలు అక్కడ కంఠస్థం చేయవలసిన జాబితాగా మిగిలిపోయాయి. ప్రశ్నల నిర్దుష్టతను పరీక్షించే సాధనంగా వాటిని వినియోగించుకోవడం కనిపించదు. ఒక్క మార్కు తేడాతో అధ్యాపక అర్హత చేజారే పరిస్థితిలో ఈ లోపాన్ని చిన్నదిగా భావించలేం.

2. శూన్యపదం - ఆశ్రయాసిద్ధం:
‘అన్ని కలాలూ పుస్తకాలే, అన్ని పుస్తకాలూ బల్లలే’ అన్న ప్రతిపాదనల నుంచి ‘కొన్ని బల్లలు కలాలు’ అనే నిర్ణయం వస్తుందా? శిక్షణ గ్రంథాలు వస్తుందనే చెబుతాయి. అరిస్టాటిల్ సంప్రదాయంలో అది సరైనదే. బూల్, వెన్ పద్ధతిలో మాత్రం ‘అన్నీ’ అనే వాక్యం ఆ వస్తువుల అస్తిత్వాన్ని హామీ ఇవ్వదు. కనీసం ఒక కలమైనా ఉందన్న అదనపు ప్రతిపాదన లేకుండా ‘కొన్ని’ అనే నిర్ణయానికి రావడానికి వీల్లేదు. విరోధ చతురస్రాన్ని అనుసరించిన అభ్యర్థికి ఒక సమాధానమూ, వెన్ చిత్రాన్ని ఆధునిక పద్ధతిలో గీసిన అభ్యర్థికి మరొక సమాధానమూ లభిస్తాయి. రెండూ ఒకే పాఠ్యప్రణాళికలోనివి కావడమే ఇక్కడి వైచిత్రి.

ఈ సమస్యను న్యాయశాస్త్రం ఏనాడో గుర్తించింది. ఆంధ్రుడిగా ప్రసిద్ధికెక్కిన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన తర్కసంగ్రహంలో ఆశ్రయాసిద్ధానికి గగనారవిందాన్ని ఉదాహరణగా చూపాడు. ఆకాశంలో పూసే పద్మమే లేనప్పుడు దాని సుగంధాన్ని సాధించబూనడం వ్యర్థం. పక్షం ఉనికిలో ఉండాలన్నది అనుమానానికి తొలి నియమం. ప్రశ్నపత్రంలో ‘పేర్కొన్న ప్రతి వర్గంలోనూ కనీసం ఒక సభ్యుడు ఉన్నట్లు భావించండి’ అన్న సూచన చేర్చితే ఈ దోషం తొలగుతుంది.

3. సంఖ్యాశ్రేణి - సవ్యభిచారం:
2, 4, 8 తర్వాత వచ్చే సంఖ్య ఏది? రెట్టింపు సూత్రం ప్రకారం 16. భేదాలు 2, 4, 6గా పెరుగుతాయనుకుంటే 14. వృత్తంపై బిందువులను జ్యాలతో కలిపినప్పుడు ఏర్పడే గరిష్ఠ భాగాల సంఖ్య 1, 2, 4, 8, 16 అని సాగి, ఆ తర్వాత 32 కాక 31 అవుతుంది. కొన్ని సంఖ్యలు మాత్రమే ఇచ్చినప్పుడు వాటికి సరిపడే సూత్రాలు అనేకం ఉంటాయి. సాధ్యం ఉన్నచోటా లేనిచోటా సమానంగా కనిపించే హేతువును నైయాయికులు సవ్యభిచారం అన్నారు. ఇచ్చిన సంఖ్యలు 16కూ 14కూ సమానంగా హేతువులైనప్పుడు వాటి మధ్య వ్యాప్తి నిశ్చయం కాలేదని అర్థం. ‘అత్యంత సరళమైన సూత్రం’ అన్న సమర్థన కూడా పూర్తిగా నిలవదు. సరళత్వానికి కొలమానం ప్రశ్నలో లేదు. 16, 14 రెండూ ఐచ్ఛికాల్లో ఉన్న ప్రశ్న అభ్యర్థి తర్కశక్తిని కాక, ప్రశ్నకర్త అభిరుచిని ఊహించే శక్తిని పరీక్షిస్తుంది.

4. తెలుగు అనువాదం - వాక్ఛలం:
ఒక మాటకున్న రెండర్థాల్లో వక్త ఉద్దేశించనిదాన్ని పట్టుకొని ఖండించడం వాక్ఛలం. ‘నవకంబళం’ అంటే కొత్త కంబళమా, తొమ్మిది కంబళాలా అన్నది శాస్త్రప్రసిద్ధ ఉదాహరణ. వాక్ఛలంలో ప్రతివాది దురుద్దేశం ఉంటుంది. అనువాద ప్రశ్నల్లో దురుద్దేశం లేకపోయినా ఫలితం అదే.

‘సోమయ్య రవికి మామ. సోమయ్య కుమార్తె రవికి ఏమవుతుంది?’ అన్న ప్రశ్ననే తీసుకుంటే, తెలుగులో మామ అంటే తల్లి సోదరుడు, మేనత్త భర్త, భార్య తండ్రి. మేనరికం ఆచారంగా ఉన్న సమాజంలో మేనమామే పిల్లనిచ్చిన మామ కూడా కావచ్చు. రక్తసంబంధం, వివాహసంబంధం ఎప్పుడూ వేర్వేరు అన్న పూర్వభావన ఆంగ్ల ప్రశ్నలో ఇమిడి ఉంది. తెలుగు బంధుత్వ వ్యవస్థ దానిని అంగీకరించదు. ‘కజిన్’ అన్న పదానిదీ ఇదే స్థితి. పెదనాన్న కొడుకు అన్నో తమ్ముడో అవుతాడు. మేనమామ కొడుకు బావో బావమరిదో అవుతాడు. దానిని ‘సోదరుడు’ అని అనువదిస్తే సమాధానమే మారిపోతుంది.

పరిమాణవాచకాల్లోనూ ఇటువంటి చిక్కే ఉంది. ‘అన్ని కలాలూ పుస్తకాలు కావు’ అన్న వాక్యానికి ‘ఏ కలమూ పుస్తకం కాదు’ అనీ, ‘కలాలన్నీ పుస్తకాలు కానక్కరలేదు’ అనీ రెండర్థాలు వస్తాయి. తర్కంలో ‘కొన్ని’ అంటే ‘కనీసం ఒకటి, బహుశా అన్నీ’. వాడుకలో ‘కొన్ని వచ్చాయి’ అంటే అన్నీ రాలేదనే స్ఫురిస్తుంది. రెండు పాఠాలకూ భేదం వచ్చినప్పుడు ఆంగ్ల పాఠమే ప్రమాణమన్న నిబంధన పరీక్షల్లో పరిపాటి. అందువల్ల తన భాషను సరిగా అర్థం చేసుకున్న తెలుగు మాధ్యమ అభ్యర్థే నష్టపోయే అవకాశం ఏర్పడుతోంది. ఇది కేవల భాషాసమస్య కాదు, సమాన అవకాశానికి సంబంధించిన సమస్య.

5. ఉపసంహారం:
పూర్వభావనలు లేని ప్రశ్న ఉండదు. సందర్భాన్ని కొంతైనా ఊహించుకోకుండా ఏ వాక్యమూ అర్థం కాదన్న వాదంలో నిజముంది. అయితే సంభాషణలో సందేహం కలిగితే శ్రోత తిరిగి అడగగలడు. పరీక్షా మందిరంలో ఆ వీలు లేదు. అందుచేత పూర్వభావనలను స్పష్టంగా వెల్లడించవలసిన బాధ్యత ప్రశ్నకర్తదే. వర్గాల అస్తిత్వాన్ని ముందే ప్రకటించడం, శ్రేణి ప్రశ్నల్లో రెండో సూత్రానికి సరిపడే ఐచ్ఛికాన్ని తొలగించడం, ‘ఏ...కాదు’, ‘కనీసం ఒకటి’ వంటి నిర్దిష్ట ప్రయోగాలను పాటించడం, బంధుత్వ ప్రశ్నలను అనువదించక తెలుగులోనే రూపొందించడం ఆచరణసాధ్యమైన మార్గాలు. చివరి రెండింటిలో తెలుగు శాఖల అధ్యాపకుల పాత్ర కీలకం. హేత్వాభాసాలను అభ్యర్థులు నేర్చుకోవాలని నిర్దేశించే పరీక్ష, ముందుగా తన ప్రశ్నలను ఆ గీటురాయిపై పరీక్షించుకోవడం న్యాయం.