‘కథ’ అనే మాట: అర్థం, వాడుక

‘ఇది కథే గాని చరిత్ర కాదు’ అనే తీర్పు సాహిత్య విమర్శలోనూ, చరిత్ర రచనలోనూ తరచుగా వినిపిస్తుంది. కథ అంటే అబద్ధమన్న భావం ఇందులో అంతర్లీనంగా ఉంది. ‘కథలు చెప్పకు’ అనే నిత్యవ్యవహారం దానికి బలం చేకూర్చింది. అయితే కల్పనను స్పష్టంగా సూచించవలసి వచ్చినప్పుడు తెలుగువారు ‘కట్టుకథ’ అన్నారు. ఆ విశేషణం అవసరమైందంటే, కథ అనే మాటకు మౌలికంగా ఆ అర్థం లేదన్నమాట.

సంస్కృతంలో ‘కథ్’ ధాతువుకు చెప్పడమని అర్థం. నాయకుడు తన వృత్తాంతాన్ని తానే చెప్పేది ఆఖ్యాయిక అనీ, ఇతరులు చెప్పేది కథ అనీ భామహుడు విభజించాడు. అమరకోశం తెలిసిన విషయానికి ఆఖ్యాయికను, కల్పనకు కథను కేటాయించింది. దండి కావ్యాదర్శంలో ఈ భేదాన్ని తోసిపుచ్చి, ఇవి ఒకే జాతికి గల రెండు పేర్లన్నాడు. 7వ శతాబ్దంలో బాణభట్టు హర్షచరితాన్ని ఆఖ్యాయికగా రచించాడు. కాని అందులో హర్షుని వృత్తాంతం చెప్పేవాడు హర్షుడు కాడు, బాణుడే. లక్షణం కంటె ప్రయోగం విశాలమని దీనివల్ల తేలుతుంది.

తెలుగులో ఆ విశాలత మరింత స్పష్టం. హరికథ, బుర్రకథ, ఒగ్గుకథ అన్నప్పుడు కథ అంటే శ్రోతల ఎదుట జరిగే కథనమే. కందుకూరి వీరేశలింగం 1880లో గ్రంథరూపంలో వెలువరించిన కల్పిత నవల పేరు ‘రాజశేఖర చరిత్రము’. 12వ శతాబ్దం నాటిదిగా భావించే పల్నాటి యుద్ధాన్ని గానం చేసేది మాత్రం ‘పల్నాటి వీరుల కథ’. కల్పనకు చరిత్ర అనీ, జరిగిన పోరుకు కథ అనీ పేర్లు వచ్చాయి. కాబట్టి పేరును బట్టి సత్యాసత్యాలను నిర్ణయించడం తగదు.

ఈ పొరపాటు వల్ల కలిగే నష్టం స్వల్పం కాదు. పల్నాటి పోరు కాలనిర్ణయానికి శాసనాలను ఆశ్రయించవలసిందే. కాని బ్రహ్మనాయుడు కులభేదం లేకుండా అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన చాపకూడును జనం తరతరాలుగా ఎందుకు స్మరించారో శాసనం చెప్పదు. కారెంపూడి వీరుల గుడి వద్ద గానమయ్యే కథ చెబుతుంది. ‘కథే కదా’ అని తోసివేసిన పరిశోధకుడు అబద్ధాన్ని కాక, ఒక సమాజపు జ్ఞాపకాన్నే వదులుకుంటున్నాడు. కథను నిజమా అని అడిగే ముందు, ఎవరు, ఎవరికి, ఎందుకు చెప్పారని అడగడం విమర్శకుని ప్రథమ కర్తవ్యం.