జేజి గంప

పేపరు చించమని చేతికిస్తే ఆ పిల్ల చించలేదు. రెండు చేతులా పట్టుకొని నా ముఖం చూస్తూ నిలబడింది. ఏడేళ్లుంటాయి. మా చెల్లెలి మనవరాలు, ఎండాకాలం సెలవలకు వాళ్లన్నతో కలిసి ప్రొద్దుటూరు నుంచి కర్నూలు వచ్చింది. "అవ్వా, సరస్వతమ్మకు కోపం రాదా?" అని అడిగింది.

నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. కాగితానికి కాలు తగిలితే వంగి కళ్లకద్దుకోమని ఆ పిల్లకు నేర్పింది మేమే. ఇప్పుడు అదే కాగితాన్ని చించి, నానబెట్టి, పిసికి ముద్ద చేయమంటున్నదీ మేమే. తొమ్మిదేళ్ల అన్న అప్పటికే ఒక సినిమా పేజీని చీల్చేసి ఇంకోదానికి చెయ్యి చాస్తున్నాడు. వానికి రాని అనుమానం ఈ పిల్లకు వచ్చింది. ఆ అనుమానానికి మర్యాద ఇవ్వాలనిపించి పని ఆపి పక్కన కూర్చున్నాను.

అప్పుడు కాగితపు ముద్దతో గంపలు చేసే మా జేజి, అంటే నాయనమ్మ, గుర్తొచ్చింది. మాది మైదుకూరు దగ్గర పల్లె. జేజికి చదువు రాదు. పాత పేపర్లు, మా నోటుపుస్తకాలు తొట్లో వేసే ముందు ఒక పూటంతా కూర్చొని ఒక్కో కాగితమూ తిరగేసేది. దేవుళ్ల బొమ్మలుంటే కత్తిరించి గోడ గూట్లో పెట్టేది. పంచాంగం, పసుపు అంటిన పెండ్లిపత్రికలు, నాయన రాసిన ఉత్తరాలు తొట్లో పడేవి కావు. "పనికొచ్చే రాత తీసిపెట్టినా. మిగిలిందంతా నారే" అనేది. చదవలేని మనిషి ఏ రాత పనికొస్తుందో ఎట్లా తేల్చుకునేదో, నాయన పక్కన కూర్చొని చెప్పేవాడేమో, ఇప్పుడు అడుగుదామంటే ఎవరూ లేరు.

ఆ మాటే పిల్లకు చెప్పాను. ఇద్దరం కట్ట విప్పి పేజీలు తిరగేశాం. ఒక వెంకన్న బొమ్మ, ఒక పాలపిట్ట ఫోటో, ఎవరో తెలియని ఒక ముసలామె ఫోటో తీసి పక్కన దాచుకుంది. ఆ తర్వాత చించడం మొదలుపెడితే ఇక ఆపడం నా వల్ల కాలేదు.

కత్తెర ఇవ్వలేదు. కత్తిరించిన అంచు నున్నగా ఉంటుంది, అతికించినప్పుడు గీతలా పైకి కనిపిస్తుంది. చించిన అంచుకు నార బయటికి వచ్చి ఉంటుంది, అది పక్క ముక్కను పట్టుకుంటుంది. పేపరు ఒక వైపు చిరిగితే గీత గీసినట్టు తిన్నగా వస్తుంది, ఇంకో వైపు ఎటు పడితే అటు పోతుంది. మిల్లులో గుజ్జు పరుగెత్తే దిక్కుకే నారపోగులు సర్దుకోవడం వల్ల ఇట్లా జరుగుతుంది. ఇదంతా నేను చెప్పకముందే పిల్లోడు "దీనికి ఒక దోవ ఉంది అవ్వా" అన్నాడు. కర్నూలు పక్కన గొందిపర్లలో పేపరు మిల్లు ఉండేదని, అక్కడ గుజ్జు కాగితమయ్యేదని, మనం కాగితాన్ని మళ్లీ గుజ్జు చేస్తున్నామని చెబితే వానికి ఆ తిరుగుప్రయాణం శానా నచ్చింది.

చించిన పేపరు మూడు రోజులు నానాలి. కర్నూలులో మే నెలలో కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. రెండు బక్కెట్ల నీళ్లంటే లెక్క చెప్పుకోవాల్సిన నీళ్లే. అందుకని పిల్లల స్నానాల నీళ్లు పట్టి పెట్టి అందులోనే నానబెట్టాం. రెండో రోజుకు సిరా వదిలి నీళ్లు నల్లబడ్డాయి. అవి పారబోసి ఇంకోసారి మార్చాం. కిలో పేపరుకు పావుకిలో మెంతులు, అది జేజి లెక్క. మెంతులు రాత్రి నానేసి పొద్దున రోట్లో రుబ్బితే వేళ్ల మధ్య తీగలు సాగే జిగురు వస్తుంది. ఆ జిగురే ఈ పనికి ప్రాణం. పిండిన పేపరును అందులో వేసి, పోగులు విడిపోయి సంగటి ముద్దలా అయ్యేదాకా దంచాలి. మిక్సీలో కూడా అవుతుంది, కానీ నీళ్లెక్కువ పోసి కొంచెం కొంచెం వేయాలి, లేకుంటే మోటారు కాలిపోతుంది. మేం రోట్లోనే దంచాం. పిల్లలకు ఆ రోకలి బరువు కావాలి.

జేజి బిందెను బోర్లించి, దానికి పాత తడిగుడ్డ చుట్టి, పైనుంచి కిందికి అరచేత్తో ముద్ద మెత్తుకుంటూ వచ్చేది. చిటికెన వేలి మందం. బిందె నడుము దాకా వచ్చి ఆగేది. నడుము దాటి మెత్తితే ఎండినాక ఊడిరాదు, బిందె లోపలే చిక్కుకుంటుంది. మొదటి రోజు వసారా నీడలో, రెండో రోజు మిద్దె మీద ఎండలో. నేరుగా ఎండలో పెడితే పైపొర గట్టిపడి లోపల తడి మిగులుతుంది, మధ్యాహ్నానికి పగుళ్లు. ఊడదీశాక గుండ్రాయితో రుద్ది నునుపు చేసి, పసుపు కలిపిన మెంతిపిండి లోపలా బయటా పూసేది. చిల్లులు పడిన వెదురు చేటలకూ ఇదే వైద్యం. మచిలీపట్నంలో ఉండే నా స్నేహితురాలు ఇదే పద్ధతిలో చేస్తే నాలుగో రోజుకు బూజు పట్టింది. మన దగ్గర ఆ భయం లేదు. తిట్టుకునే ఎండే ఇక్కడ సగం పని చేసి పెడుతుంది.

మా వసారాలో కడప బండలు పరిచి ఉన్నాయి. మధ్యాహ్నానికి ఆ నల్లబండల మీద ముద్దలు, గోడకు జాన ఎత్తు దాకా చిందులు, పిల్ల జడలో గుజ్జు, పిల్లోని మోచేతుల దాకా బూడిదరంగు. కోడలు ఆఫీసు నుంచి వచ్చి గడపలోనే నిలబడి, "ఇదేం గలీజు అత్తా" అనింది. ఆ అమ్మాయి మీద నాకు కోపం రాలేదు, ఊడ్చుకోవాల్సింది తనూ నేనే కదా. కానీ ఆ మాట రాత్రంతా నాలో మెదిలింది. జేజి ఇదే ముద్దను ఇదే తీరున నేల మీద వేసుకొని కూర్చున్నప్పుడు దాన్ని గలీజు అన్నవాళ్లు లేరు. "జేజి పని పెట్టుకుంది, అటు పోవద్దు" అనేవాళ్లు. పెద్దవాళ్ల చేతికి అంటితే పని, పిల్లల చేతికి అంటితే గలీజు. మాకూ చిన్నప్పుడు ఆ ముద్దలో చెయ్యి పెట్టనిచ్చేవాళ్లు కాదు. దూరంగా గడప మీద కూర్చొని చూసేవాళ్లం. ఇప్పుడు నాకు తెలిసిందంతా చూసి నేర్చుకున్నదే, ఒక్క ముద్ద కూడా ఆమె చేతి కింద పిసికింది కాదు. ముద్ద ఎంత తడి ఉండాలో కంటికి తెలియదు, చేతికే తెలుస్తుంది. అందుకే నా మొదటి రెండు ప్రయత్నాలు పగిలిపోయాయి. ఈ పిల్లలకు నా వయసు వచ్చేదాకా ఆ తడి గుర్తుంటుందని నమ్మకంగా చెప్పగలను. గోడ కడుక్కుంటే పోతుంది.

1974లో నాయనకు కర్నూలు బదిలీ అయినప్పుడు జేజి ఒక గంప చేసి పంపింది. అమ్మ అందులో చింతపండు పెట్టుకునేది. అమ్మ తర్వాత అది నా వంటింటి మూలకు చేరింది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊరి మీదికి వచ్చాయి. మేం పాతబస్తీలో ఉండేవాళ్లం. నీళ్లు తీశాక ఇల్లు చేరితే మోకాలి లోతు బురద. పుస్తకాలున్న ఇనప బీరువా తలుపు రాలేదు, లోపల పుస్తకాలు ఉబ్బి ఒకదానికొకటి బిగుసుకుపోయాయి. గునపంతో తెరిస్తే అట్టలు తప్ప పేజీలంటూ విడిగా లేవు. జేజిది ఒకే ఒక ఫోటో ఉండేది, అదీ ఆ బీరువాలోనే. వంటింట్లో గంప ఉండాల్సిన చోట ఒక ముద్ద. మెంతి వాసన ఉంటుందేమోనని కొంచెం తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నా. బురద వాసన తప్ప ఏమీ లేదు. నీళ్లలో నానబెట్టి చేసింది నీళ్లలోనే పోయింది అని ఎవరో ఓదార్పుగా అన్నారు. నాకు అది ఓదార్పు కాలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు పాత పేపర్లు కిలోల లెక్కన అమ్మేశాను తప్ప తొట్లో వేయబుద్ధి కాలేదు.

ఈ వేసవిలో పిల్లలే వేయించారు. వాళ్లకు గంప అక్కరలేదు, బొమ్మలు కావాలి. పిల్లోడు యాగంటి బసవన్నను చేస్తానన్నాడు. లోపల పేపరు ఉండలు చుట్టి దారంతో కట్టి, పైన ముద్ద మెత్తి, మూపురం దగ్గర మూడుసార్లు పడిపోతే మూడుసార్లూ నిలబెట్టాడు. యాగంటి బసవన్న ఏటికేడు పెరుగుతాడని, కలియుగాంతాన లేచి రంకె వేస్తాడని మన నమ్మకం. మూడో రోజు పిల్లోడు ఏడుపు ముఖంతో వచ్చి, "మన బసవన్న తగ్గిపోతుండాడు అవ్వా" అన్నాడు. నిజమే, తడి పోయేకొద్దీ ముద్ద దగ్గరికి లాక్కుంటుంది. మెడ దగ్గర పగులు వచ్చింది. కొత్త ముద్ద పట్టేలా పగులును తడిపి పూడ్చాం. చిన్నదయ్యాడు గానీ రాయిలా గట్టిపడ్డాడు.

పిల్ల కలివికోడిని ఎంచుకుంది. సిద్ధవటం వైపు లంకమల అడవుల చిట్టడవి పక్షి అది. 1900 తర్వాత కనబడక, అంతరించిందనే అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలోనే మళ్లీ దొరికింది. జానకు కాస్త ఎక్కువ పొడవు, రొమ్ము మీద రెండు పట్టీలు. చిన్న బుడగ ఊది, దాని మీద మైదా జిగురులో ముంచిన పేపరు ముక్కలు నాలుగు పొరలు అతికించి, కాళ్లకు చీపురు పుల్లలు గుచ్చింది. ఒక్కో పొర ఆరాకే ఇంకో పొర అని చెప్పినా వినలేదు. తడి మీద తడి వేసి ఒక పక్క సొట్ట పడింది. ఆ సొట్ట వైపు గోడకు తిప్పి పెట్టుకుంది.

బజారులో పోస్టర్లు అంటించే మైదా జిగురులో ఒకప్పుడు పురుగు పట్టకుండా మైలతుత్తం కలిపేవాళ్లు. అది విషం, పిల్లల పనిలోకి రానివ్వకూడదు. చింతగింజల గంజి మంచిది. గింజలు వేయించి, పొట్టు తీసి, విసిరిన పిండిని ఉడికిస్తే వస్తుంది. మన వైపు కురువవాళ్లు గొర్రె ఉన్ని కంబళ్ల పడుగుకు పెట్టేది ఆ గంజే. కొండపల్లి బొమ్మల చేతులూ కాళ్లూ అతికే మక్కు కూడా చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిందే. చేర్యాలలో కొబ్బరిచిప్పల మీద ముఖాలు తీర్చేదీ దాంతోనే. ఆ చేర్యాల చిత్రకారులను నకాషీలు అంటారు. కాశ్మీరులో కాగితపు గుజ్జుతో చేసిన పెట్టెల మీద రంగులు వేసే పనిని నక్కాషీ అంటారు. ఒకే మాట అంత దూరం నడిచింది. ఈ గుజ్జుకు ఉన్న ఫ్రెంచి పేరుకు అర్థం నమిలిన కాగితమని. బీహారులో మధుబని వైపు కాగితపు గుజ్జుతో బొమ్మలు చేసే సుభద్రాదేవికి ఎనభై దాటిన వయసులో, 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ వార్త చదివిన రోజు మా జేజి బిందె కళ్ల ముందు కదిలింది.

రెండు సంగతుల్లో మాత్రం జేజి దారి వదిలేశాను. ఈ గంపల్లో తినే వస్తువులు పెట్టడం లేదు. పేపర్లలో తిండి చుట్టవద్దని ఆహార భద్రతా సంస్థ 2016లోనే చెప్పింది, అచ్చు సిరా కడుపులోకి పోవడం మంచిది కాదు. ఆమె కాలంలో ఈ ఎరుక లేదు. ఇక చవితికి కాగితపు వినాయకుణ్ణి చేద్దామని పిల్లలు అడిగితే ఒప్పుకోలేదు. కె.సి. కాలువలో కలిపే స్వామి చెరువు మట్టితోనే ఉండాలి. కిలోల కొద్దీ పేపరూ సిరా ఆ నీళ్లలో ఎందుకు? సుంకేసుల నుంచి కడప దాకా పైర్లకు పోయే నీళ్లవి, మా పల్లె మడికీ అవే. కాగితంతో ఎలుకను చేద్దాం, అది ఏటేటా ఇంట్లోనే ఉంటుంది అన్నాను. ఒప్పుకున్నారు.

గంప నేనే మెత్తాను, పిల్లలు చెరో పక్క. ఐదో రోజు పొద్దున మిద్దె మీద బిందెను తట్టితే డొల్లగా మోగింది. పిల్లోడు అంచు పట్టుకొని అటూ ఇటూ తిప్పి లాగాడు, ఊడి వచ్చింది. ఒక పక్క మందం, ఒక పక్క పలచన, నేల మీద పెడితే కొంచెం ఒరిగింది. పిల్ల లోపలికి పరుగెత్తి తాను దాచుకున్న ఆ ముసలామె ఫోటో తెచ్చింది. గిన్నెలో మిగిలిన మెంతి జిగురు వేలితో తీసి, గంప లోపల అడుగున అతికించింది.

"మీ జేజి" అనింది.

పోలిక లేదు. ఆమె ముక్కు వేరు, కట్టు వేరు. ఫోటో అంచులు లేవకుండా ఇంకో చుక్క జిగురు రాసి, గంపను మళ్లీ ఎండలో పెట్టాం.